అమావాస్య నాడు దొంగల్ని పట్టిన మల్లన్న

గత గురువారం ఉదయం ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆఫీసు తాళం తీస్తున్నాను. మల్లికార్జున గారు ఇక లేరని ఆయన తమ్ముడు చెప్పాడు. స్నానం చేసి, ఆదోని బస్సుకు బయలుదేరబోతూ గుండె పట్టుకుని కూర్చున్నారట, అంతే. ఆయన తొమ్మిదింటి బస్సులో వస్తారు కదా, ఈ వార్త నిజమో కాదో ఆయననే అడుగుదామన్న వెర్రి ఆలోచన ఒక్కటే తట్టింది. ఎక్కడి నుంచి ఏ సమాచారం వచ్చినా ముందు ఆయనను అడిగి, తర్వాతే నమ్మడం ఇన్నేళ్లుగా నాకు అలవాటు.

ఎమ్మిగనూరులో ఆయన్ను నేతవారి బిడ్డగా ఎరుగుదురు, ఆదోనిలో కంప్యూటర్ల మనిషిగా ఎరుగుదురు. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవారే. ఆ తర్వాత కర్నూలులో కంప్యూటర్ కోర్సు చదివి, పత్తి బేళ్లు ఎగుమతి చేసే మా కంపెనీలో చేరారు. మా అందరికీ మల్లన్న. ధీరగంభీరమూర్తి అని రాయాలని ఉంది గానీ, రాస్తే ఎక్కడున్నా నవ్వుతారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో టెస్టర్, బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని వచ్చిన తృప్తి ముఖం నిండా. నిరాడంబరత ఆయన సహజ లక్షణం. సహనం మాత్రం ఆయన కష్టపడి సాధించిన విద్య.

ఆ విద్య నా జీవితాన్ని నిలబెట్టిన వైనం చెప్పకుండా ఈ నివాళి పూర్తి కాదు. కొన్నేళ్ల కిందట మా కంపెనీకి ఒక వింత కష్టం వచ్చింది. విదేశీ మిల్లులకు మేము ఏ ధర రాసి పంపినా, పోటీదారు ఎవరో సరిగ్గా దానికి పిసరంత తక్కువ రాసి పంపేవాడు. ఒకసారి, రెండుసార్లు అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ప్రతిసారీ అదే. ఆ ఉత్తరాలు టైపు చేసేది నేను, అంటే ఈ సరళ. మా యజమాని శెట్టిగారు, మేమంతా సావుకారి అని పిలిచే పెద్దమనిషి, నన్ను పల్లెత్తు మాట అనలేదు గానీ ఉత్తరాలు తన మేనల్లుడి చేత టైపు చేయించడం మొదలుపెట్టారు. అంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? పోయేది ఉద్యోగం మాత్రమే కాదు, ఆదోని పత్తి బజారులో నా పేరు.

మల్లన్న ఎవరినీ ప్రశ్నించలేదు. వారం రోజులు సర్వర్ ముందు కూర్చుని, ఎవరి పేరుతో ఏ ఫైలు ఎప్పుడు తెరుచుకుందో వరుసగా చదివారు. చదివి చదివి ఒక మధ్యాహ్నం సావుకారి గదికి నన్నూ పిలిపించారు. మా ఊరి వర్తకుల ఆచారం తెలియని పాఠకులకు ఒక మాట. అమావాస్య నాడు మేము కొత్త బేరం చేయం, కలం పట్టం. పదకొండింటికి అంగడిపూజ. కంప్యూటర్లన్నీ తుడిచి, బొట్టు పెట్టి, ఆపేస్తాం. వెనుక గదిలో సర్వర్ ఒక్కటే నడుస్తూ ఉంటుంది.

"సావుకారీ, పోయిన మూడు అమావాస్యలూ పదకొండుంపావుకు సరళమ్మ పేరుతో ఎవరో ధరల ఫైలు తెరిసినారు" అన్నారు మల్లన్న. "ఆ పొద్దు సరళమ్మ యాడుండె?"

సావుకారి నా వైపు తిరిగారు. "హారతి పళ్లెం పట్టుకొని నా ముందరే ఉండె గదప్పా" అన్నారు.

నా కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. సిగ్గుపడలేదు. బయటి నుంచి నెట్ దారిన మా సర్వర్‌లో దూరిన ఆ దొంగలు ఎంతటి నేర్పరులంటే, అందరూ నిద్రపోయే వేళ వస్తే అనుమానం వస్తుందని, సరిగ్గా మా పనివేళల్లోనే మా పేర్లతో వచ్చి, చూసినంత చూసి, కొంచెం కొంచెంగా బయటికి పంపుకునేవారు. మా టీ వేళ కూడా వాళ్లకు తెలుసు. అమావాస్య సంగతి మాత్రం వాళ్లకెవరూ చెప్పలేదు. అప్పటి నుంచి మల్లన్న వాళ్లను చుట్టాలు అనడం మొదలుపెట్టారు. "ఈ పొద్దు మన సుట్టాలు వచ్చినారా?" అంటూ ఉదయమే సర్వర్ గదిలోకి వెళ్లేవారు.

చుట్టాలు ఏ దారిన వచ్చారో తేల్చడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. వాళ్లు ముందు మమ్మల్ని కాదు, మా కొనుగోలుదారు ఒకరి మెయిల్ పెట్టెను దోచారు. ఆయనకూ మాకూ నడుస్తున్న నిజమైన ఉత్తరాల మధ్యలో దూరి, ఆయన పేరుతోనే జవాబు రాసి, పత్తి నాణ్యత రిపోర్టు అని ఒక ఫైలు జతచేశారు. తెరిస్తే పైన పసుపుపచ్చ పట్టీ, దాని మీద ఒక బటన్. అది నొక్కితేగానీ అంకెలు కనిపించవు. నొక్కిన క్షణాన తలుపు తెరుచుకుంది. ఆపైన ఆ కంప్యూటర్లో దాచుకున్న పాస్‌వర్డ్ పట్టుకుని, పక్క కంప్యూటర్‌కు, అక్కడి నుంచి సర్వర్‌కు పాకారు. కష్టపడనక్కర్లేకపోయింది కూడా. ఆఫీసులో ముప్పాతిక మంది పాస్‌వర్డ్ ఇంటి ఇలవేల్పు పేరే. సావుకారి మెయిళ్లకు ఒక నకలు తమకు చేరే ఏర్పాటు కూడా చేసుకున్నారు.

మల్లన్న నన్ను సర్వర్ గదిలోకి పిలిచి తలుపు వేశారు. "ఆ బటన్ నొక్కింది నీ మిషన్లోనే సరళమ్మా."

నిర్దోషినని తేలి వారం కాలేదు, మళ్లీ దోషిని. "అన్నా, సావుకారికి సెప్పొద్దు" అన్నాను.

"నేను సెప్పను. నువ్వే పోయి సెప్పు. తెరిసింది తప్పు గాదు, ఎవురైనా తెరుస్తారు. దాసిపెట్టేదే తప్పు. మనం దాసిపెడతామనే నమ్మకంతోనే ఆ సుట్టాలు నెలలకొద్దీ మనింట్లో కూసున్నారు."

ఒక రాత్రి గడువు అడిగాను. మరునాడు వెళ్లి ఉన్నదంతా చెప్పాను. సావుకారి కొంతసేపు కిటికీలోంచి చూసి, "సరే, పోయి పని సూసుకో" అన్నారు. అంతే. అలాంటి యజమాని దొరకడం నా అదృష్టం అనుకున్నాను.

దొంగ ఉన్నాడని తెలిసిన వెంటనే మేమంతా తరిమేద్దామని ఎగిరాం. మల్లన్న ఆపారు. "ఒక తలుపు మూస్తే ఇంకో సందులో దాక్కుంటారు. అన్నీ ఒకేసారి మూయాల." పది రోజులు ఏమీ తెలియనట్టే పని చేశాం. తోచిన ధరలు చెప్పి నా చేత దొంగ ఉత్తరాలు టైపు చేయించారు, చుట్టాలకు విందు తగ్గకూడదని. నాటకంలో వేషం దొరికినంత హుషారుగా కొట్టాను. ఒక ఆదివారం అందరినీ పిలిపించి, నెట్ తీగ పీకి, కంప్యూటర్లలో ఉన్నదంతా చెరిపేసి, ప్రోగ్రాములు మళ్లీ మొదటి నుంచి ఎక్కించి, దేవుళ్లందరినీ పాస్‌వర్డ్ల నుంచి విముక్తుల్ని చేశారు. ఆ నెల మేము పంపిన మొదటి ధరకే ఆర్డరు వచ్చింది.

అక్కడితో వదిలితే మల్లన్న ఎందుకవుతారు. ఆర్నెల్లకొకసారి మాకు పరీక్ష. మెట్ల మీద ఒక పెన్‌డ్రైవ్ పడేసి ఎవరు తెచ్చి తగిలిస్తారో చూసేవారు. మేనేజరు తగిలించాడు. బ్యాంకు నుంచి అంటూ వేరే నంబరుతో సావుకారికి ఫోన్ చేయించారు. సావుకారి ఓటీపీ గడగడా చదివేశారు. "నా సావుకారి ఇంత మంచోడని బయట సెప్పుకోలేను" అని మల్లన్న అంటే, అందరికంటే గట్టిగా నవ్వింది సావుకారే. ఆ పరీక్షల్లో తప్పినవాళ్లకు శిక్ష లేదు, ఆయన ఖర్చుతో ఉగ్గాని ఉండేది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా పరుగున వచ్చి చెప్పే ఆఫీసు మాది. తెగిన పోగును వేలి చివరతో పట్టుకునే నేతగాడి ఓర్పు కంప్యూటర్లకు ఎలా పనికొచ్చిందో నేను వివరించలేను, చూశాను. ఇంతటి కార్యదక్షత, ఇంతటి దయ ఒకే మనిషిలో మళ్లీ చూస్తానన్న ఆశ నాకు లేదు.

నిన్న ఆఫీసులో సంతాప సభ జరిగింది. అందరూ వెళ్లిపోయాక సావుకారి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు వచ్చి ఒప్పుకుండేదానికి ముందు రోజే మల్లన్న నా తావకి వచ్చినాడు. రేపు ఒకరొచ్చి తప్పు సెప్తారు సావుకారీ, ఒక్క మాట అనొద్దు, మీరు తిడితే ఇంకెవరూ సెప్పరు అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎవరో సెప్పలేదు. నువ్వు నోరు తెరిసినప్పుడు నాకు శానా కోపం వచ్చినాదమ్మా. ఆయప్పకు ఇచ్చిన మాట కోసం కిటికీలోకి సూస్తా ఉండిపోయినా."

ఇన్నేళ్లూ అది నా ధైర్యమనీ, సావుకారి మంచితనమనీ అనుకుంటూ వచ్చాను. నేను వెళ్లి చెబుతానో లేదో నాకే తెలియని ఆ రోజున, చెబుతానని ఆయన నమ్మారు. మల్లన్నా, ఈ సంగతి ఒక్కసారి నా చెవిన వేసి ఉంటే మీ కాళ్లకు మొక్కేదాన్ని. మొక్కుతానని తెలిసే చెప్పి ఉండరు. ఇప్పుడు వద్దనడానికి మీరు లేరు. మొక్కుతున్నాను.