కొంటా దారిలో కాలిన ఇప్పమొక్కలు

మా చెల్లెలు వసంత కొంటా దగ్గరి ఒక ఊళ్లో సైన్సు టీచరు. తన విద్యార్థులు పెంచిన ఇప్పమొక్కలు చూడ్డానికి రమ్మని రెండేళ్లుగా ఫోనులో ఒకటే పోరు. అక్కడి ఇప్పచెట్లన్నీ బస్తర్ సంస్థానం నాటివి. వాటి కింద ఒక్క లేతచెట్టు కూడా లేదు. రాలిన పువ్వు ఏరి అమ్ముకోవడానికి వీలుగా ఏటా చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు; ఆ మంటలో మొలకలు పోతాయి. ముసలి చెట్లు కూలితే ఆ ఊరికిక పువ్వే లేదు. అందుకే పిల్లలు గింజలు మొలకెత్తించి, నేల తేమ కొలుస్తూ, అడవి అంచున తోట పెంచారు. సరే, మార్చిలో బయల్దేరాను.

భద్రాచలంలో పొద్దున్నే చింతూరు మీదుగా కొంటా వెళ్లే బస్సెక్కండి. ఎండ ముదరకముందే దిగుతారు. అక్కడి నుంచి షేర్ ఆటో. నిండేదాకా కదలదు, మనమెంత విసుక్కున్నా అంతే. నా ఒళ్లో ఎవరిదో కోళ్లబుట్ట కూడా పెట్టారు. ఊరు దగ్గరపడేసరికి కాలిన వాసన. ఈ సీజన్‌లో మామూలేనన్నాడు డ్రైవరు.

తోటలో వసంత నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. మోకాలెత్తు మొక్కలున్న చోట బూడిద, నల్లటి పుల్లలు. పిల్లలు ఒక్కో పుల్లనీ గోటితో గీరి, లోపల పచ్చదనం ఉందేమోనని చూస్తున్నారు. ఎక్కడా లేదు. నాకు ఏడుపొచ్చింది.

నిప్పు పెట్టింది తొమ్మిదో తరగతి చదివే భీమే అనే అమ్మాయి వాళ్ల నాయనమ్మ. ఎప్పటిలాగే తన చెట్టు కిందే పెట్టిందట. తోటకూ చెట్టుకూ మధ్య బోడినేల ఉండేది.

"ఏటా ఆడికొచ్చి ఆరిపోయేది బిడ్డా. ఈసారి ఎందుకు ఆరలే?" అని ఆ ముసలమ్మ నన్నే అడిగింది.

భీమే తల ఎత్తలేదు. "ఈసారి ఆ బోడినేల మీద గూడ ఆకులు మేమే పరిచినం అవ్వా, తేమ పోకుండ."

వసంత నేర్పిన పాఠమే అది. తేమ నిలిచింది కూడా, కొలిచి చూశారు. ఆ ఆకుల మీదుగానే మంట నడిచొచ్చింది. ఇక ఎవర్ని తిట్టాలి?

కాసేపటికి భీమే బుట్ట తీసుకుని నాయనమ్మ వెనకే పువ్వు ఏరడానికి వెళ్లింది. తిరుగు బస్సులో దారి పొడుగునా ముసలి చెట్లే కనిపించాయి, వాటి కింద పొగ.

మీరు అటు వెళ్తే, ఎక్కడైనా మొక్కలు పెంచే పిల్లలు కనిపిస్తే, ఒక్క మాట చెప్పండి: పువ్వు రాలకముందే ఆకులన్నీ ఊడ్చేసి, తోట చుట్టూ బోడినేల వదలమని. మా వాళ్లకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.