ఆన్ చేస్తే ఆగే ఇంజన్

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, మీనా సల్మాన్ రేవు దగ్గర ఒక వర్క్‌షాపు ముందు ఆగిపోయాను. నిజామాబాద్ మెకానిక్ ఒకతను చిన్న పెట్రోలు ఇంజన్‌కి ఆపే స్విచ్చు బిగిస్తున్నాడు. "ఈ వైరు బాడీకి తాకితే ఇంజన్ ఖలాస్, బంద్ అయితది అన్నా" అన్నాడు. ఆ పెట్రోలు వాసనకి ఊళ్లో మా బావి దగ్గరి కిరసనాయిలు ఇంజన్ గుర్తొచ్చింది. మీకూ ఉండేది కదా, తాడు చుట్టి లాగితే నల్లపొగ కక్కేది?

ఒకసారి దాని బెల్టు అమ్మ కొంగును లాక్కుంది. కొంగు చిరిగింది కాబట్టి అమ్మ మిగిలింది. "ఆడోళ్లు జాగ్రత్తగుండాలె" అన్నారందరూ. చెయ్యి నలిగిన కూలీకి ఇవాళ కంపెనీలు చెప్పేదీ ఇదే! ఇంజన్ ఆపే దారి అమ్మకు ఎవరైనా చూపించారా?

మర్నాడు నాన్న ఇంట్లోని లైటు స్విచ్చు తెచ్చి బిగించాడు. అమ్మ ఆఫ్ చేసింది. ఇంజన్ ఆగలేదు. ఆన్ చేస్తే ఆగింది!

"ఇదేందయ్యా, ఉల్టా?"

"ఆన్ జేస్తే కరెంటు ప్లగ్గుకు పోకుండ బాడీలకు పోతది. రవ్వ రాదు."

"భయంల నాకు గదంత యాదికుంటదా? ఇంట్ల లైటు లెక్క మీదికి నొక్కితే ఆగాలె. స్విచ్చునే తిప్పి పెట్టు."

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. స్విచ్చు తలకిందులైంది. అమ్మ దాన్ని మీదికి నొక్కింది. ఇంజన్ ఆగింది. ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విని, "మల్ల నడిపియ్యి, ఇంకోపారి ఆపుత" అంది.