మామగారి మడతకత్తి బేరం

తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూడందే మామగారు ఏ వస్తువూ కొనరు. సబ్బుపెట్టె అయినా బీరువా అయినా ఆయనకు ఒకటే. మూత ఉందా, తలుపు ఉందా, మడత ఉందా, అంతే కావాలి. ఆయన చెయ్యి దాని మీద పడిందంటే ఆ దుకాణదారుకి ఆ పూటకి ఇంకో బేరం లేనట్టే.

ఈ జబ్బుకి ఒక చరిత్ర ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన గొడుగుల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నారు. ఈ పక్క నుంచి గొడుగు వస్తుంది. టప్పున తెరుస్తారు, తలెత్తి చువ్వలు చూస్తారు, మూస్తారు, ఆ పక్కకి పంపిస్తారు. పొద్దున వెళ్ళింది మొదలు సాయంత్రం దాకా అదే పని. రిటైరైన రోజున తోటివాళ్ళు ముచ్చటపడి ఒక గొడుగు బహుమతిగా ఇస్తే, వేదిక మీదే తెరిచి చూసి, చువ్వ వదులుగా ఉందని వెనక్కి పంపించారు. ఉద్యోగమైతే మానేశారు గానీ, చేతులు మానలేదు.

కూతురికి సంబంధం చూడటానికి వెళ్ళినప్పుడూ అంతే. అబ్బాయి ఏం సంపాదిస్తాడు, అలవాట్లు ఎలాంటివి, ఇలాంటివేమీ అడగలేదు. గేటు తెరిచి మూశారు. కిటికీలు తెరిచి మూశారు. అబ్బాయి తల్లి వద్దు వద్దంటున్నా వంటింటి అల్మరా తెరిచి మూశారు. చివరికి అబ్బాయి జేబులో ఉన్న మడతకత్తి అడిగి పుచ్చుకుని, తెరిచి, మూసి, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తెరిచి, “నూనె వేస్తుంటావన్నమాట” అన్నారు. సంబంధం ఖాయమైపోయింది. అబ్బాయి స్నేహితులు ఇప్పటికీ, పిల్లనిచ్చింది నీకు కాదురా, నీ కత్తికి అని ఏడిపిస్తారు.

ఆ అల్లుడు ఇళ్ళకు కరెంటు వైరింగు చేస్తాడు. చెయ్యి చురుకు, నోరు తక్కువ, సిగ్గు ఎక్కువ. నలుగురూ తనవైపు చూస్తే చాలు, చెవులు ఎర్రబడిపోతాయి. అలాంటివాడికి అలాంటి మామగారు దొరికారు. ఆయనతో బజారుకి వెళ్ళిన ప్రతిసారీ తల కొట్టేసినట్టయ్యేది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. దుకాణంలోకి కాస్త వెనకగా వెళ్ళడం, ఇంకేదో చూస్తున్నట్టు నిలబడడం, ఎవరైనా అడిగితే “ఆయన మా వీధిలో ఉంటారండీ” అనెయ్యడం. అది అబద్ధమూ కాదు, రెండిళ్ళూ ఒకే వీధి.

ఇంతలో అతనికి ఇంకో సిగ్గు వచ్చి పడింది. కొత్త భవనంలో పనిచేస్తుండగా ఇనప షట్టరు జారి కుడిచేతి మీద పడింది. కట్టు విప్పారు, పుండు మానింది. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం చెప్పినమాట వినడం మానేశాయి. పిడికిలి మూస్తే పూర్తిగా తెరుచుకోదు, తెరిస్తే పూర్తిగా మూసుకోదు. రోజూ తెరిచి మూస్తుండు, నెమ్మదిగా వస్తుందని డాక్టరు చెప్పాడు. నొప్పికి అతను ఆ పనే చెయ్యలేదు. ఎవరడిగినా నయమైపోయిందన్నాడు. భార్యతోనూ అదే మాట, మేస్త్రితోనూ అదే మాట. సోమవారం నుంచి వస్తానని మేస్త్రికి మాట కూడా ఇచ్చేశాడు.

వైరు తోలు వలవాలంటే కత్తి కావాలి. కత్తి తెరవాలంటే గోటితో గాడిలో పట్టి లాగాలి. ఇంట్లో తలుపేసుకుని ప్రయత్నించాడు, రాలేదు. పళ్ళతో ప్రయత్నించాడు, పెదవి తెగింది. కత్తిని పనిముట్ల పెట్టె అడుక్కి తోసేసి, పోయిందని ఇంట్లో చెప్పాడు. సోమవారం నాడు అందరి ఎదుటా “అన్నా, కాస్త ఈ కత్తి తెరిచి పెట్టవా” అని అడుక్కోవాలి. పనిలోంచి తీసేస్తారన్న భయం ఒక ఎత్తు, ఆ మాట అడగడం ఒక ఎత్తు. అందుకే కుడిచెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం మామగారు ఊడిపడ్డారు. ఒక మడతకత్తి కొనాలట, చవకలో కావాలట, తోడు రమ్మన్నారు. చొక్కా జేబులో మడిచిన నోటు ఒక్కటే ఉంది. కళ్ళజోడు ఒక కాడ విరిగి దారంతో కట్టుకుని తిరుగుతున్నారు. ముందు ఆ కళ్ళజోడు బాగుచేయించుకోమని కూతురు కేకలేసింది. వినలేదు. కుడిచేతిలో ఒక బరువైన గుడ్డసంచి కూడా ఉంది. అందులో ఏముందని అడిగితే సంచిలో ఉండేవి ఉన్నాయన్నారు.

అల్లుడికి ప్రాణం ఉసూరుమంది. కత్తి అంటే తన పనిముట్టు. మామగారు “నువ్వు తెరిచి చూడు బాబూ” అంటే ఏం చెయ్యాలి? దారి పొడుగునా అదే ఆలోచన. మర్యాద కోసం ఎడమచెయ్యి చాచి, సంచి ఇవ్వమన్నాడు. ఆయన ఇవ్వలేదు.

మొదటిది పెద్ద దుకాణం. అద్దాల బల్లలో మెత్తటి గుడ్డ మీద కత్తులు పడుకున్నాయి. మామగారు ఒకదాని ధర చీటీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివి, “పాపం, వీటిని నిద్ర లేపకండి. చవకవి ఎక్కడ పడుకున్నాయి?” అన్నారు. సేల్సుమన్ కింద నుంచి ఒక పళ్ళెం తీశాడు. మొదలైంది పరీక్ష. సంచి కుడిచేతిలోనే ఉంది. కత్తిని ఎడమచేత్తో పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే తెరవాలని ఆయన పెనుగులాట. సంచి బల్ల మీద పెట్టమని సేల్సుమన్ నవ్వుతూ అన్నాడు. అది అక్కడే ఉండాలన్నారు. కత్తి చేతిలోంచి ఎగిరి, అవతల పూలకుండీ బేరమాడుతున్న ఒకావిడ చెప్పుల మధ్య పడింది. ఆవిడ కుండీ వదిలేసింది. కుండీ దక్కింది గానీ బేరం పోయింది.

అల్లుడు టార్చిలైటు ఒకటి తీసుకుని దాన్ని ఎవరూ చూడనంత శ్రద్ధగా చూస్తున్నాడు. ఆయన మీతో వచ్చారా అని సేల్సుమన్ అడిగాడు. తలుపు దగ్గర కలిశామండీ, అన్నాడు అల్లుడు.

రెండోది పనిముట్ల దుకాణం. ఇక్కడ రకాలు ఎక్కువ, ఓపిక తక్కువ. ఒక కత్తి తెరిచాక కంకణం లాంటిది తిప్పి బిగించాలి. మామగారు దాన్ని మోకాళ్ళ మధ్య పెట్టి తిప్పబోయి కూలబడబోయారు. ఇంకోటి చక్కగా తెరుచుకుంది గానీ, మూయడానికి నొక్కాల్సిన మీట కుడి బొటనవేలికి అందేవైపు ఉంది. ఎడమచేత్తో మూసేవాడికి వేళ్ళు మిగలవని ఆయన తీర్పు చెప్పారు. మూడోదాన్ని బల్ల అంచుకు గీసి తెరవబోతే బల్ల చెక్క లేచింది. మధ్యలో రంగు డబ్బా కొనడానికి వచ్చినాయన్ని ఆపి, మీకెలా ఉందో చూడమన్నారు. ఆయన చూశాడు. మామగారు అల్లుణ్ణి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అల్లుడికి ఊపిరి అందింది. వెంటనే, తన పనిముట్టు గురించి దారిన పోయేవాణ్ణి అడిగి తనను అడగనందుకు కాస్త కష్టంగానూ అనిపించింది.

దుకాణదారుకి ఒళ్ళు మండిపోయింది.

“ఆ సంచి కింద పెట్టి రెండు చేతులతో తెరవొచ్చు కదండీ. అందులో బంగారం ఉందా?”

“సంచి ఉన్నప్పుడు తెరుచుకోవాలండీ. లేనప్పుడు ఎవరైనా తెరుస్తారు.”

“నా బల్ల చెక్క లేపారు. దీనికి జవాబు చెప్పేదెవరు?” దుకాణదారు అల్లుడి వైపు తిరిగాడు. “ఏమండీ, ఈయన మీకేమవుతారు?”

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ అతనివైపు తిరిగారు. మా వీధిలో ఉంటారని అనడానికి కూడా నోరు రాలేదు.

“నాకు తెలీదండీ. నేను మేకుల కోసం వచ్చాను.”

అన్నాక గానీ తెలియలేదు, ఎంత గట్టిగా అన్నాడో. మామగారు విన్నారు. చేతిలోని కత్తిని బల్ల మీద పెట్టేశారు. తర్వాత దుకాణదారుతో, “ఆ అబ్బాయిని ఎందుకండీ లాగుతారు, ఎవరో పాపం మేకుల కోసం వస్తే” అన్నారు. లేచిన చెక్కను బొటనవేలితో అదిమి, పక్క జేబులో ఎప్పుడూ ఉండే జిగురు గొట్టం తీసి అంటించి, దణ్ణం పెట్టి బయటికి నడిచారు.

అల్లుడు అవసరం లేని మేకులు కొనుక్కుని బయటికి వచ్చేసరికి, మామగారు కాస్త ముందుగా, ఎడంగా నడుస్తున్నారు. తనతో వస్తున్నట్టు ఎవరికీ కనిపించకుండా అంత దూరం ఉంచి నడుస్తున్నారు. ఆయన తిట్టినా బాగుండేది. అల్లుడు సిగ్గుతో చితికిపోయాడు. మామయ్యగారూ అని పిలుద్దామనుకుని అడుగు వేగం పెంచి, మళ్ళీ తగ్గించాడు. జేబులో మేకులు గుచ్చుకుంటున్నా అలాగే నడిచాడు.

బస్టాండు గోడ వారన ఒకావిడ పట్టా పరిచి పాత కొత్త పనిముట్లు అమ్ముతోంది. మామగారు అక్కడ కూలబడ్డారు. ఆవిడ ఆయన తంటా అంతా గమ్మున చూసి, సంచి వైపు చూసి, కళ్ళజోడు దారం వైపు చూసి, గుట్టలోంచి ఒక నల్లపిడి కత్తి తీసి ముందు పడేసింది. చూడ్డానికి ఏమంత అందంగా లేదు. కత్తి రేకుకి రెండు పక్కలా చిన్న బొడిపెలున్నాయి, ఏ చేతి బొటనవేలైనా నెట్టొచ్చు. మూయాలంటే పిడి వీపు మీద మీట నొక్కి, రేకు వీపుని తొడకేసి ఒత్తితే చాలు. మామగారు ఎడమచేత్తో నెట్టారు. టక్కున తెరుచుకుంది. మూశారు. మళ్ళీ తెరిచారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఆయన మొహం చూస్తే తనిఖీ బల్ల దగ్గర ఇలాగే ఉండేవారేమో అనిపించింది అల్లుడికి.

సంతోషం పట్టలేక మామగారు చెయ్యి ఊపారు. సంచి పిడి పుటుక్కున తెగింది. లోపలివి పట్టా మీద పడ్డాయి. కాసిని పాత కాగితాలు, ఒక పెద్ద ఇటుక.

అల్లుడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“ఇటుక ఎందుకు మామయ్యగారూ?”

ఆయన దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చూశారు. కాగితాలు ఎత్తుకుంటూ నెమ్మదిగా చెప్పారు. “ఖాళీగా ఉంటే కుడిచెయ్యి ఊరుకోదు బాబూ. అలవాటు కదా, మధ్యలో దూరి సాయం చేసేస్తుంది. అప్పుడు పరీక్ష తప్పుగా వస్తుంది. నేను బాగుందని తెచ్చేస్తాను, రేపు పని దగ్గర నువ్వు తెరవబోతే తెరుచుకోదు.”

 తన చెయ్యి సంగతి ఎవరు చెప్పారని అడిగాడు అల్లుడు.

“ఎవరు చెప్పాలి? ఇన్నేళ్ళు ఏం పని చేశాననుకున్నావు? తెరుచుకోనిది ఎదురుగా తిరుగుతుంటే నాకు కనపడదా?” ఆయన కత్తిని ఒకసారి మూశారు. “ఫ్యాక్టరీలో కూడా తెరుచుకోనివాటిని నేను పారెయ్యలేదు. చువ్వ ఎక్కడ పట్టేసిందో చూసి బాగుచేసేవాళ్ళకి పంపేవాణ్ణి. మళ్ళీ నా బల్ల మీదికే వచ్చేవి. నీకు చెప్పుకోవాలని లేదు, నేను అడగలేదు. అంతే.”

తన కోసం ఇటుక మోసుకుంటూ ఊరంతా తిరిగిన మనిషిని, ఎవరో తెలీదన్నాడు అల్లుడు. అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చాలా రోజుల తర్వాత బజార్లో, నలుగురిలో, కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీశాడు. వంకరగా ఉన్న ఆ చేత్తోనే ఇటుక ఎత్తడానికి ప్రయత్నించాడు. జారింది. ఎడమచెయ్యి కూడా కలిపి ఎత్తాడు. అమ్మే ఆవిడ అతని చెయ్యి చూసింది. మామగారి మడత నోటు తీసుకుని, కత్తితో పాటు సంచి కట్టుకోవడానికి ఒక తాడు ముక్క కూడా ఇచ్చింది.

మామగారు వదల్లేదు. అక్కడే గోడ వారన కూర్చోబెట్టి అల్లుడి చేత తెరిపించారు, మూయించారు, మళ్ళీ తెరిపించారు. ఎడమచెయ్యి బాగా వచ్చింది. ఇప్పుడు కుడిచేత్తో అన్నారు. సగం దాకా వచ్చి ఆగింది. “సగం వచ్చిందిగా. రోజూ పనికి వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి నా ఎదురుగా చెయ్యి. తనిఖీ నాది” అన్నారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు వింతగా చూశారు. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి గానీ చెయ్యి ఆగలేదు. మేస్త్రికి రేపు పొద్దున ఉన్నమాట చెప్పేస్తానన్నాడు. నిజమే చెప్పమన్నారు మామగారు, కావాలంటే కత్తి కూడా తెరిచి చూపించమన్నారు.

తిరిగి వస్తుంటే పనిముట్ల దుకాణం ఎదురైంది. అల్లుడు ఆగాడు. ఇటుక సంచి చంకలో పెట్టుకుని నేరుగా లోపలికి వెళ్ళాడు. దుకాణంలో ఇందాకటి కంటే ఎక్కువమందే ఉన్నారు.

“ఇందాక అడిగారు కదండీ, ఆయన నాకేమవుతారని. మా మామగారు.”

దుకాణదారు తలెత్తి అతన్నీ, చంకలో సంచినీ చూసి, అయితే నన్నేం చెయ్యమంటారు అన్నాడు. ఏమీ చెయ్యొద్దు, చెప్పిపోదామని వచ్చానన్నాడు అల్లుడు. దుకాణదారుకి అనుమానం తీరలేదు. గుమ్మం బయట మడత నిచ్చెనను ఎడమచేత్తో తెరిచి మూస్తున్న పెద్దాయన్ని కేకేసి, ఈయన మీ అల్లుడేనా అని అడిగాడు.

మామగారు నిచ్చెన మూసి, దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుని, అల్లుణ్ణి కింద నుంచి పైదాకా తీరిగ్గా చూశారు.

“నాకు తెలీదండీ. మేకుల కోసం వచ్చినట్టున్నాడు.”

అని, అల్లుడి చంకలోంచి సంచి లాక్కుని నవ్వుకుంటూ ముందుకి నడిచారు.