టేకాకుల నీడ

ఇవాళ మేడ మీది ప్లాస్టిక్ డ్రమ్ము కడుగుదామని మూత ఎత్తితే, అడుగున నాచు దాదాపు నల్లగా కనిపించేంత చిక్కటి ఆకుపచ్చలో ఉంది. ఆ పచ్చి వాసనకు అమ్మమ్మ వాళ్ళ ఊరు బాసగూడ గుర్తొచ్చింది.

వేసవి సెలవుల్లో అక్కడ అమ్మమ్మతో బీడీలు చుట్టే తునికాకు కోయడానికి వెళ్ళేదాన్ని. అప్పటికి తాలిపేరు ఏరు బండల మధ్య గుంటలుగా మిగిలేది. నీడలో ఉన్న గుంటలో నాచు ముదురాకుపచ్చగా, ఎండలో ఉన్నదాంట్లో లేత పసుపుగా ఉండేది. ఎండ దాన్ని చంపేస్తోందని నాకు ఇట్టే అర్థమైపోయింది. పుల్లలు పేర్చి, టేకాకులతో ఆ గుంట మొత్తం కప్పేశాను. కొన్నాళ్ళకు నాచు ముదురు రంగుకు తిరిగింది. అమ్మమ్మను లాక్కెళ్ళి చూపించాను.

"నాచును నేనే బతికించిన, అమ్మమ్మా!"

అమ్మమ్మ తన కట్టలోంచి ఒక తునికాకు తీసింది.

"ఇది పెద్ద చెట్టు కింద కోసిన. ఎంత వెడల్పుందో, ఎంత పచ్చగుందో చూడు. వెలుతురు చాలక గిట్లయితది. నీ నాచు గూడ గంతే. అది ఆకలి, పిల్లా."

సిగ్గేసి ఆకులన్నీ ఒక్కసారే లాగేయబోయాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందా తొందర? నీడకు అలవాటైనదాన్ని ఒక్కపారే ఎండల పడేస్తే తెల్లగై సస్తది. రోజుకో ఆకు తియ్."

చివరి ఆకు తీసిన కొన్నాళ్ళకు నాచు మళ్ళీ లేత పసుపుకు వచ్చింది. నేను రోగమనుకున్న రంగు అదే.

ఇవాళ డ్రమ్ము కడగలేదు. మూత వేలెడంత జరిపి కిందికి వచ్చేశాను.