కడగకూడని ముక్కలు

మా వదిన మంగళవారం ఉదయం, ఇచ్చిన కాఫీ చల్లారేలోపే వెళ్ళిపోయారు. ఆమె మా ఆయనకు అక్కగారు. పోయారన్న వార్త తెలిసి వీధిలో వాళ్ళు, "ప్లాస్టిక్ మేడం గారేనా?" అని అడిగారు. వింటే ఆమె ఒప్పుకునేవారు కాదు. ఆమె పనంతా ప్లాస్టిక్‌ను పొలంలోంచి తప్పించడానికే.

మిరప వేసేవాళ్ళకు తెలుసు, కలుపు రాకుండా మొక్కల చుట్టూ పరిచే షీటు పంట అయ్యాక చిరిగి దుక్కిలో ఎన్నేళ్ళయినా ఉండిపోతుంది. పత్తిగింజల చెక్కలోని ప్రోటీన్‌తో, పంట ఉన్నన్నాళ్ళూ నిలిచి ఆ తరవాత మట్టయిపోయే షీటు చేయాలని ఆమె సగం జీవితం ప్రయోగశాలలో గడిపారు. "నిలిచేది ఎవరైనా చేస్తారమ్మా. వేళకు పోయేది చేయడమే కష్టం," అనేవారు.

జబ్బు ముదిరాక సత్తెనపల్లిలో మా ఇంటికొచ్చారు. మెట్లు దిగలేరు. కిటికీకి ఇవతల ఆమె మంచం, అవతల పెరట్లో మిరప మడి. అందులో ఆమె షీటు ముక్కలు పాతాం. ప్రతి ఆదివారం ఒకటి తవ్వి, ఆరబెట్టి, చిన్న కాటాలో తూచి రాయడం నా పని.

మట్టితో ఉన్నదాన్ని తూచడానికి నాకు మనసొప్పలేదు. కడిగి తూచాను. నెల తిరిగేసరికి బరువు సగమైంది.

"అప్పుడేనా? ఇంకా పూతైనా రాలేదే," అని వదిన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ వారమంతా ఆమె గది దాటలేక, కడగడం వల్లేనేమోనన్న అనుమానం నేను చెప్పలేక, ఒకే ఇంట్లో ఇద్దరం ఇరుక్కుపోయాం.

చివరికి చెప్పాను.

"కడిగావా?"

"మట్టిగా ఉందని..."

"సబ్బు పెట్టావా?"

"కొంచెమే వదినా."

"ఓసి నీ శుభ్రం బంగారం కానూ! నా ప్రయోగాన్ని అంట్లలో వేశావా!" అని దగ్గొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక మెల్లగా అన్నారు: "మళ్ళీ పాతు. తీశాక కడగకు, సబ్బుకు ప్రోటీన్ కరిగిపోతుంది. బ్రష్‌తో దులుపు. కోతదాకా నేనుండకపోయినా నువ్వుంటావుగా."

ఈసారి ముక్కలు పూత దాటాయి, పిందె దాటాయి. నేను బరువు చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. "కిటికీ తెరువమ్మా," అనేవారు, అది తెరిచే ఉన్నా. ఒక్క ఆదివారం కూడా నా రాత తప్పలేదని ఫోనులో తన విద్యార్థులకు చెప్పేవారు. నన్ను పనిమంతురాలని అంతకుముందు ఎవరూ అనలేదు.

కోతకు తొమ్మిది రోజుల ముందు పోయారు.

నిన్న పండుకాయలు కోసి, ఆఖరి ముక్క తీయడానికి కూర్చున్నాను. చూడ్డానికి ఎక్కడా చిరగలేదు. అంచు పట్టి ఎత్తగానే వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలింది. ఏది షీటో ఏది మట్టో తెలియలేదు. కాటాలో ఏం పెట్టాలో తోచక, మిగిలిన గుప్పెడూ పట్టుకుని మడిలోనే కూర్చుండిపోయాను.