బుగ్గారం నుంచి సిరిసిల్లకు రెండు మార్పు చేపలు

తమ్ముడు శ్రీను పోయి నెల దాటింది. బుగ్గారంలో అతను పెంచిన మార్పులు, అదే మీసాల క్యాట్‌ఫిష్, కుంట నిండా ఉన్నాయి. బోరు నీళ్లు తగ్గుతున్నాయి.

"అన్నీ ఒక్కపారి కొనేటోన్ని చూడు వదినె, లేకుంటే నీళ్లెండి సస్తయి," అన్నది మరదలు లత.

శ్రీను ఎక్కడ అమ్మేవాడో మాకు తెలియదు. డబ్బాతో పోయేవాడు, ఖాళీ డబ్బాతో వచ్చేవాడు.

కదిలే చేపను చూపించనిదే బేరం కుదరదని రెండింటిని నీళ్ల డబ్బాలో వేసుకొని, ఉదయం ఆరున్నరకు జగిత్యాల ఆటో ఎక్కాను. అక్కడి చేపల ఏజెంటు మూత కూడా తీయలేదు.

"గీవి మా దగ్గర పోవక్కా. కోరుట్ల సేటు తీస్కుంటడు."

నిన్నటి తెలంగాణ బంద్ వల్ల కోరుట్ల బస్సు తొమ్మిదికి గాని రాలేదు. కండక్టర్ డబ్బాను చూసి, "గది ఎగిరి ఎవరి ఒళ్లె వడ్డా నాకే మాటస్తది," అన్నాడు. "వడితే పులుసే గదనే," అన్నాడు వెనక సీటు పెద్దమనిషి.

కోరుట్లలో ఆ సేటు, ఖాజా భాయ్, మూత తీసి మెచ్చుకున్నాడు.

"మాల్ మంచిగున్నదమ్మా. గని మేం జగిత్యాల ఏజెంటుకే ఏస్తం. ఆయనకు సూపెట్టిండ్రా?"

"ఆయనే మీ దగ్గరికి తోలిండు."

"గట్లనా!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చేప కుంట నుంచి పళ్లెంలోకి రావడానికి ఎన్నో చేతులు మారాలట. ఆ చేతులన్నీ పక్కవాడిని చూపిస్తున్నాయి. చాయ్ మాత్రం మంచిది పోయించాడు. సిరిసిల్ల మగ్గాల కార్ఖానాలవాళ్లు తింటారేమో చూడమన్నాడు.

వేములవాడ దాటాక రాస్తారోకో. గంటసేపు ఎండలో నిలబడ్డాం. జెండా పట్టుకున్న కుర్రవాడొకడు డబ్బాలోకి తొంగిచూసి, "లోకల్ చేపలా అక్కా? జై తెలంగాణ! గీ డబ్బకు తొవ్వియ్యిండ్రి," అని అరిచాడు. బస్సును మాత్రం వదల్లేదు.

మూడింటికి సిరిసిల్ల. చేపల సందులో గులాబీ జెండా కట్టిన బండి మీద అన్నీ కోస్తా నుంచి వచ్చిన ఐస్ చేపలే. పొద్దుటి నుంచి పేరుకున్న విసుగంతా బయటపడింది.

"జెండా మనది, చేపలు వాళ్లయా?"

బండి యజమానురాలు రాజవ్వ నొచ్చుకోలేదు. "ఏం జేద్దు బిడ్డా? గా లారీ దినాం తెల్లారంగ దిగుతది. మనోళ్లు ఒక్కనాడు చెర్వంత తెచ్చి కుప్పవోస్తరు, మల్ల ఏడాది దాక కండ్లవడరు." డబ్బాలోకి చూసి ఆగింది. "గివి బుగ్గారం మార్పులు గావా? శ్రీను ఏడి? బుధారం బుధారం ఒక్క డబ్బ తెచ్చేటోడు. కార్ఖాన పోరగాళ్లు అడిగి అడిగి నన్ను సంపుతుండ్రు."

తమ్ముడు పోయిన సంగతీ, కుంట మొత్తం ఒకేసారి అమ్మాలని వచ్చిన సంగతీ చెప్పాను. ఆమె కత్తి పక్కన పెట్టింది.

"అన్నీ ఒక్కపారి నేనేం జేసుకుంట?" అన్నది తర్వాత. "సచ్చిన మార్పును ఎవ్వలు కొనరు. వారానికొక్క డబ్బ తెండ్రి."

"బోరు ఎండుతున్నదవ్వా."

"ఎండనీ. మార్పు బురదల గూడ బతుకుతది. శ్రీనే చెప్పిండు."

రెండు చేపలూ ఆమెకే ఇచ్చి అయిదు గంటల బస్సెక్కాను. ఈ దారిన వచ్చేవారికి నా సలహా ఒకటే: జగిత్యాలలో నేరుగా సిరిసిల్ల బస్సెక్కండి, కోరుట్ల వైపు మాత్రం తిరగకండి.

వేములవాడ దగ్గర లత ఫోన్ చేసింది. "దొరికిండా వదినె?"

"కొనేటామె ఎప్పటినుంచో ఉన్నది. తెచ్చేటోడే లేడు."

ఖాళీ డబ్బా ఒళ్లో అటూ ఇటూ దొర్లుతోంది. గట్టిగా పట్టుకున్నాను.

"బుధవారం పొద్దున్నే ఇంకో డబ్బ నింపిపెట్టు," అన్నాను. "నేను తీస్కపోత."