తుపాకి ఉన్న నలభై రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తుపాకి ఉండేది. ఎక్కువ కాలం కాదు, నలభై రోజులకు కాస్త అటో ఇటో. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రంగూన్ నుంచి మన తెలుగువాళ్ళు వరసగా ఓడలెక్కి వెళ్ళిపోతున్న రోజులవి. వెళ్ళేవాళ్ళు బంగారం దాచుకున్నారన్న పుకారు ఊరంతా పాకడంతో, చౌక్తడా పేటలో మా వీధిలో ఒక ఇంటి తరవాత ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఎదురు మేడలో ఒక ముసలాయన్ని మంచానికి కట్టేసి ఇల్లంతా పెళ్ళగించి పోయారు. పోలీసులు మర్నాడు వచ్చి, వివరాలు రాసుకుని వెళ్ళారు.

మా పెదనాన్న ఒక గిడ్డంగికి కాపలాదారు. విశాఖపట్నం వెళ్ళిపోతున్న ఆయన స్నేహితుడొకాయన, తుపాకిని ఓడలోకి రానివ్వరు కనుక, దాన్ని పెదనాన్న చేతికిచ్చి వెళ్ళాడు. రెండు గొట్టాల తుపాకి. పెదనాన్న దాన్ని చాపలో చుట్టి తెచ్చి, రెండు తూటాలు పెట్టి, ముందు గదిలో తలుపు వెనక నిలబెట్టాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరూ అన్నం ముందు కూర్చుంటే అదే వాదన.

"దొంగెదవలు తలుపు బద్దలుకొడితే నువ్వేటి సేస్తావురా? బాబ్బాబూ అని దండం పెడతావా?" అనేవాడు పెదనాన్న.

"దొంగ ఎప్పుడో ఒక్కసారి వస్తాడన్నా. ఇంటికి రోజూ వచ్చేది మనమే కదేటి," అనేవాడు మా నాన్న.

మా నాన్న సేక్కాన్ రేవులో ఓడల సరుకు దింపే కూలీ. అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది. ఉన్నది నాన్న ఒక్కడే. అయినా ఆ వాదనలో నా మనసు పెదనాన్న వైపే ఉండేది. ఎదురింటి ముసలాయన మణికట్ల మీద తాడు కోసిన గుర్తులు నేను దగ్గరగా చూశాను. మా నాయనమ్మ మాత్రం ఎవరి వైపూ మాట్లాడేది కాదు. వింటూ చింతపండు పిసుక్కునేది.

రంగూన్ మేడల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ ప్రతి ఇంటి బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. దాని పై కొసకు చిన్న గంట, కింది కొసకు ఒక క్లిప్పు. వచ్చినవాళ్ళు తాడు లాగితే పైన గంట మోగుతుంది. మనం వంగి మొహం చూస్తాం. తెలిసిన మొహమైతే వీధి తలుపు తాళంచెవిని క్లిప్పుకు తగిలించి దించుతాం. పాలవాడైనా, ఇంటి మగవాడైనా అంతే. పెదనాన్న తుపాకి తెచ్చిన వారానికి ఆ తాడును పైకి లాగి చుట్ట చుట్టేశాడు. దొంగలకు మనమే దారి చూపించినట్టుందన్నాడు. అప్పటినుంచి నాన్న పని దిగి వచ్చి, వీధిలో నిలబడి నా పేరు పెట్టి అరిచేవాడు. నేను బాల్కనీలోకి పరుగెత్తి తాళంచెవి కిందికి విసిరేదాన్ని.

పెదనాన్న నాకొక ఉద్యోగం ఇచ్చాడు. "నీ సెవులు పాము సెవులే గుంటా. సప్పుడైతే నాకు సెప్పు," అన్నాడు. దానికి నేనెంత పొంగిపోయానో చెప్పలేను. అన్నం తింటున్నా, ఎక్కాలు వల్లిస్తున్నా, ఒక చెవి మెట్ల మీదే ఉండేది.

ఒక రోజు మధ్యాహ్నం, పెదనాన్న సెలవు పెట్టి ఇంట్లో ఉండగా, వాన పట్టుకుంది. ఇక్కడి వాన సంగతి అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. రేకుల మీద పడుతుంటే పక్కన ఉన్న మనిషి మాట కూడా వినపడదు. దీపాలు పోయాయి. పగలే అయినా వంటింట్లో పొయ్యి నిప్పు తప్ప మరేమీ కనిపించడం లేదు. వానకు సరుకు దింపడం ఆపేసి రేవులో అందర్నీ ఇళ్ళకు పొమ్మన్నారట. మాకు ఆ సంగతి తెలియదు. నాన్న వీధిలో నిలబడి నన్ను చాలాసేపు పిలిచాడట. అదీ మాకు వినపడలేదు. లాగడానికి తాడు లేదు. తడిసి ముద్దై, వెనక సందులోకి తిరిగి, ఇనప మెట్లెక్కి, వంటింటి తలుపు సందులోంచి చాకు మొన దూర్చి గడియ లేపబోయాడు.

ఆ గడియ చప్పుడు నేను విన్నాను. అంత వానలోనూ విన్నాను. ముందు గదిలోకి పరుగెత్తి, పెదనాన్న చెయ్యి పట్టుకుని, "తఖో, తఖో" అన్నాను. బర్మా మాటలో దొంగ అని. వీధిలో పిల్లలందరం ఆ మాటే అనేవాళ్ళం.

పెదనాన్న తుపాకి తీసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. తలుపు తెరుచుకుంది. గోనెసంచి ఒకటి నెత్తి మీంచి మొహం దాకా కప్పుకున్న మనిషి, చేతిలో చాకుతో, లోపలికి అడుగు పెట్టాడు. పెదనాన్న "ఎవడ్రా" అని కూడా అనలేదు. తుపాకి ఎత్తి నొక్కాడు. టిక్కుమంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టిక్కుమంది.

ఆ మనిషి గోనెసంచి తీశాడు. "నానే అన్నా, నానే," అన్నాడు.

పెదనాన్న తుపాకి కింద పెట్టేశాడు. పొయ్యి దగ్గర్నుంచి నాయనమ్మ లేచి, ఉట్టి మీది చింతపండు జాడీ దింపి, అందులోంచి రెండు తూటాలు తీసి ఆయన ముందు నేల మీద పెట్టింది.

"నువ్వు తెచ్చిన మూడో నాడే తీసీసినాను. రోజూ నూనెగుడ్డెట్టి పైపైన తుడుసుకున్నావు గానీ, ఒక్కనాడైనా గొట్టాలు మడిసి లోపల సూసినావేటిరా?" అంది. అరవలేదు. అన్నం వడ్డిస్తూ మాట్లాడినట్టే అంది. ఆ తరవాత నా వైపు చూసింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

వాన తగ్గాక పెదనాన్న తుపాకిని మళ్ళీ చాపలో చుట్టుకుని రేవుకు వెళ్ళి, సంపాన్ పడవ ఎక్కి, నది నడుమ దాన్ని వదిలేసి వచ్చాడు. వచ్చి, బాల్కనీలో చుట్ట విప్పి తాడు కిందికి దించాడు.

కథ ఇక్కడితో అయిపోతే అందరికీ చెప్పడానికి వీలుగా ఉండేది. కాని నెల తిరక్కుండా ఒక పగలు ఆ తాడే లాగి గంట మోగించారు. నాయనమ్మ వంగి చూస్తే, చేతిలో కాగితాల కట్టతో ఒక పెద్దమనిషి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. సర్కారు మనిషనుకుని తాళంచెవి దించింది. ముగ్గురు పైకి వచ్చారు. ఇంట్లో బంగారమంటూ ఉన్నది నాయనమ్మ చెవి కమ్మలే. విప్పేదాకా ఆగకుండా లాగేశారు. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలింది.

సాయంత్రం పెదనాన్న పని నుంచి వచ్చి ఆవిడ చెవికి కట్టిన గుడ్డ చూశాడు. "తుపాకుంటే ఇలాగయ్యేదేటి? నాను సెప్పినప్పుడు ఒక్కలూ ఇన్నారు కాదు," అన్నాడు.

నాయనమ్మే మాట్లాడింది. "సెవే కదరా తెగింది. సెవి తెగితే అతుక్కుంటాది."

అది అతుక్కోలేదు. చీలిక చీలికలాగే ఉండిపోయింది. తరవాతి ఏడు పెదనాన్న నది అవతల ట్వంటే ఊరికి వెళ్ళి, అక్కడ కుండల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. పండగలకు వచ్చేవాడు గాని, తమ్ముడితో ఒక బంతిలో కూర్చుని తినడం నేను మళ్ళీ చూడలేదు. ఇద్దరిలో ఎవరూ ఆ మధ్యాహ్నం సంగతి ఎత్తలేదు.

నేను పెద్దయ్యాక ఒక దినపత్రికలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇళ్ళలో పడ్డ దొంగల వార్తలు, పొరపాటున పేలిన తుపాకుల వార్తలు రెండూ నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఏవి ఎక్కువో లెక్కపెట్టలేదు. ఇప్పుడు మళ్ళీ ఊరు ఊరులా లేదు. సందె పడకుండానే తలుపులు మూసుకుంటున్నాం. మొన్న మా పై అంతస్తు కుర్రాడు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి, నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "పిస్తోలు ఒకటి దొరుకుతాదంటన్నారు అమ్మమ్మా, ఉంచుకుందునా?" అని అడిగాడు. ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చివరికి, "మరి మీ నాయనమ్మ సెవి మాటేటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. "నాకు నాన్న మిగిలాడు నాయనా," అని మాత్రం అన్నాను. అతను ఏం చేశాడో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

నాన్న ఆ తరవాత ఇరవై రెండేళ్ళు బతికాడు. అన్నేళ్ళూ, తాళంచెవి చేతిలో ఉన్నా సరే, మెట్ల మొదట్లో నిలబడి "నానే గుంటా" అని అరిచి, నేను పలికాకే పైకెక్కేవాడు. తన ఇంటికి తాను వస్తూ కూడా. అది వింటున్నప్పుడల్లా నా నోట వచ్చిన ఆ బర్మా మాట నాకు వినబడేది. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను. కూరలు కొనుక్కుని వచ్చి, మొదటి మెట్టు మీద సంచి దించి, "నేనే" అంటాను. లోపలి నుంచి ఎవరో ఒకరు రమ్మనేదాకా నా కాలు కదలదు.